లోనావళా కొండలలో సింహాసనము

"పంటిబిగువున కాలము గడపుచున్నది" అని మనలో ఒక మాట కలదు. ఓర్పుగల ఇల్లాలిని మెచ్చుకొనుటకు దానిని వాడుదుము. ఆ బిగువు పండ్లతో ఆగక మెడకును, నడుమునకును, కాళ్లకును దిగునని మొన్న మాఘమాసమున లోనావళా వెళ్లినప్పుడు మాకు తెలియవచ్చినది. ఆ సంగతి మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా అక్కగారు, ఆమె కుమార్తె, మేము కలిసి బయలుదేరితిమి. బావగారు గతించి అప్పటికి రెండేండ్లు. ఆనాటినుండి అక్కగారు ఎవరియెదుటను కంటతడి పెట్టలేదు. ఆయన మాట ఎత్తలేదు. పొలము పనులు, కుమారుని చదువు అన్నియు తానే చక్కబెట్టుకొనెను. క్రమముగా ఆమెకు క్రింద కూర్చుండుట కష్టమయ్యెను. వాకిట ముగ్గు పెట్టుటకు నడుము వంగదయ్యెను. పండ్లు అరిగిపోవుచున్నవని దంతవైద్యునికి చూపగా, ఆమె నిద్రలో పండ్లు కొఱుకుచున్నదని ఆయన చెప్పెను. గాలి మార్పు మంచిదని తలచి మేము ఆమెను వెంటబెట్టుకొని పోయితిమి.

సికింద్రాబాదులో రైలెక్కి పుణె చేరి, అచ్చటినుండి 64 కిలోమీటర్ల దూరము లోకలు బండిలో పోయి లోనావళాలో దిగితిమి. సహ్యాద్రి కొండల నడుమ చల్లని ఊరు. వర్షకాలమున జలపాతములతో పచ్చగా నుండు ఆ కొండలు మాఘమాసమున ఎండుగడ్డితో బంగారువన్నెగా నుండెను. స్వామి కువలయానందులు 1924లో స్థాపించిన కైవల్యధామము ఈ ఊరనే కలదు. ఆసనములను, ప్రాణాయామమును యంత్రసాధనములతో పరీక్షించి చూచిన తొలివారిలో ఆయన యొకరు; ఆ పరీక్షలను ప్రకటించుటకై ఆ సంవత్సరమే 'యోగమీమాంస' యను పత్రికను స్థాపించిరి.

వీథి పొడుగునను చిక్కీ దుకాణములే. అది మన వేరుసెనగ అచ్చు వంటిదే. అక్కగారు ఒక ముక్క కొఱుకబోయి, చెవిముందు నొప్పియని చేతితో దవడ పట్టుకొనెను. మేము దిగిన బసలో పుణెనుండి వచ్చిన మరాఠీ ముదుసలి ఒకామె యుండెను. ఆమె చిరకాలము స్త్రీలకు ఆసనములు నేర్పినదట. అందఱు ఆమెను ఆజీ యని పిలుచుచుండిరి. ఆమె అక్కగారిని చూచి, "తాయీ, మూడు వ్రేళ్లు నిలువుగా నోట పట్టునా?" అని హిందీలో అడిగెను. రెండే పట్టినవి.

"మీరు సింహాసనము వేయవలెను" అని ఆజీ నవ్వెను. రాజులు కూర్చుండు సింహాసనము కాదు. పదునైదవ శతాబ్దమున స్వాత్మారాముడు 'హఠయోగప్రదీపిక'లో చెప్పిన ఆసనమిది. మడమల మీద కూర్చుండి, అరచేతులు మోకాళ్లపై నుంచి, వ్రేళ్లు విప్పి, నోరు బాగుగ తెఱచి, చూపు ముక్కుకొనపై నిలుపవలెను. నేర్పువారు నాలుక చాచి గాలి వదలుటయు చేర్చుదురు. మడమలపై కూర్చుండలేని అక్కగారికి ఆజీ కుర్చీ వేయించెను.

ముందుగా పండ్లు బిగించి వంగుమనెను. చేతులు మోకాళ్లకు కొంచెము దిగువకు పోయినవి. ఐదు మాఱులు సింహమువలె నోరు తెఱచి ఊపిరి విడిచిన పిమ్మట వంగగా, మఱి నాలుగంగుళములు దిగినవి. మేము ఆశ్చర్యపడితిమి. "తొందరపడకుడు, రెండవమాఱు వంగినప్పుడు ఎవరైనను కొంత ఎక్కువ వంగుదురు" అని ఆజీయే హెచ్చరించెను. మఱునాడు తలక్రిందులుగా చేసి చూచితిమి. మొదట దవడ వదలించి వంగినప్పుడు దిగినంత, తరువాత బిగించి వంగినప్పుడు దిగలేదు. ఒక్కరిపై చేసిన పరీక్ష శాస్త్రము కాదు. అయినను కారణమును తెలిసికొనవలెనని ఇంటికి వచ్చిన పిదప కొంత చదివితిమి.

చెవిముందు చేయి పెట్టి పండ్లు బిగించినచో గట్టిపడునదే నమలుకండరము. కణతయొద్ద మఱియొకటి కలదు. నోరు తెఱచినప్పుడు తల వెనుకకు కొంచెము వాలుననియు, మూసినప్పుడు మరలుననియు స్వీడను దేశమున ఊమెయో విశ్వవిద్యాలయమువారు కొలిచి చూపిరి. అనగా దవడయు మెడయు ఒక్క జంటగా పనిచేయును. పండ్లు గట్టిగా కఱచినప్పుడు పిక్కకండరపు ప్రతిక్రియ హెచ్చగుటను 1996లో జపానువారు ప్రకటించిరి. బరువెత్తువాడు పండ్లు బిగించుట ఊరక కాదు. ఆ బిగువు బలమునకు తోడు. అయితే వంగవలసినప్పుడు అదే అడ్డమగుట వింత కాదు. దవడ సాచినంతమాత్రమున తొడ వెనుక కండరములు పొడుగగునని మాత్రము ఎవరును నమ్మరాదు. కాళ్లు సాచుట కాళ్లే చేయవలెను. దవడ వదలించుట వానికి అడ్డు తొలగించుటయే.

మూడవనాడు సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్న కార్లా గుహలకు పోయితిమి. కొండకు దాదాపు 350 మెట్లు. సగము దూరమున అక్కగారి ముఖము బిగిసెను. "అమ్మా, పండ్లు!" అని కుమార్తె అఱచెను. ఆమె నవ్వి, నోరు తెఱచి, ఊపిరి విడిచి మరల నడచెను.

పైన ఏకవీరాదేవి గుడి. దాని ప్రక్కనే కొండను తొలిచిన చైత్యశాల. సుమారు 124 అడుగుల పొడవు, 45 అడుగుల ఎత్తు. మన దేశపు తొలిచిన చైత్యశాలలలో ఇదియే మిక్కిలి పెద్దది. కప్పునకు అమర్చిన కొయ్యవాసములు రెండువేల యేండ్లనుండి నిలిచియున్నవి. మన శాతవాహనరాజు వాసిష్ఠీపుత్ర పులుమావి కాలపు శాసనమును ఇచ్చట కలదు. వాకిట సింహస్తంభము. గోటిపుత్రుడగు అగ్నిమిత్రణకుడను మహారథి దానిని దానము చేసెనని దానిమీదనే చెక్కియున్నది.

ఆ స్తంభము నీడను అక్కగారు చతికిలబడి, చాలసేపు సింహములవంక చూచెను. పిమ్మట, ఎవరును అడుగకయే, బావగారి కడపటి రాత్రి సంగతి చెప్పసాగెను. రెండేండ్లుగా నోరు దాటని మాటలవి. ఆమె ఏడ్చెను, మేమును ఏడ్చితిమి. ఇది సింహాసనపు మహిమయని మేము చెప్పము. బిగించిన నోట మాట వెడలదని మాత్రము చెప్పుదుము.

సోదరీమణులారా! పనిపాటలలో నడుమ నడుమ చూచుకొనుడు: పెదవులు కలిసియుండవచ్చును, పండ్లు కలిసియుండనక్కఱలేదు. నాలుక అంగిటికి మెల్లగా ఆనించి, దవడ వదలి ఊపిరి విడువుడు. దవడ టక్కుమని పట్టివేయువారును, నొప్పిగలవారును బలవంతముగా నోరు సాచక వైద్యునికి చూపుకొనవలెను.

అక్కగారికి నడుము పూర్తిగా వంగుట లేదు. అయినను మొన్న వాకిట చిన్నపీట వేసికొని నాలుగు చుక్కల ముగ్గు పెట్టినదని కుమార్తె వ్రాసినది.