వెళ్లే దారి ఉన్నాక

డల్లాస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో మొగుడి రహస్యం ఈ రోజుల్లో పిల్లాడి ఐప్యాడ్‌లో బయటపడుతోంది. నాన్న తన పాత ఐప్యాడ్ పిల్లాడికి ఇస్తాడు, అందులోంచి తన ఆపిల్ అకౌంట్ తీసేయడం మర్చిపోతాడు. ఫోన్‌కి వచ్చే మెసేజీలు దానికీ వస్తుంటాయి. పిల్లాడు కార్టూన్ చూస్తుండగా తెర పైనుంచి ఒక ముక్క దిగుతుంది, పక్కన కూర్చుని అన్నం కలిపి పెడుతున్న తల్లి కంట పడుతుంది. ఇలా తెలిసిపోయిన ఇల్లు ఒక్కటే కాదు. పొద్దస్తమానం కంప్యూటర్ల భద్రత గురించి ఉపన్యాసాలిచ్చే మనుషులు ఇలా దొరికిపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నేను కౌన్సెలర్‌ని కాను, ఫ్రిస్కోలో ఫార్మసిస్టుని. వయసులో పెద్దదాన్ని, ఒక ఇంట్లో విన్నది ఇంకో ఇంటికి మోయనని పేరుంది. అందుకని గుడిలోనో, బతుకమ్మ దగ్గరో, పాట్‌లక్ అయ్యాక గిన్నెలు సర్దుతున్నప్పుడో ఎవరో ఒకరు నన్ను మెల్లగా పక్కకి తీసుకెళ్తారు. అడిగేది ఒకటే: "ఇది మళ్లీ అతుకుతుందా అక్కా?"

అతుకుతుంది. అతికిన కాపురాలు చూశాను. కానీ ఆ మాట చెప్పేముందు నేనొకటి అడుగుతాను: "వెళ్లిపోవాలనిపిస్తే రేపు పొద్దున నువ్వు వెళ్లగలవా?" విడిపొమ్మంటున్నాననుకుని చాలామంది బెదిరిపోతారు. నేను చెప్పేది అది కాదు. వెళ్లలేని మనిషి ఉండిపోతే దాన్ని క్షమించడం అని ఎలా అంటాం?

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. గుంటూరు వైపు పిల్ల. హైదరాబాదులో ఉద్యోగం చేస్తుండగా పెళ్లయింది, హెచ్4 మీద ఇక్కడికొచ్చింది. హెచ్4 అంటే భర్త హెచ్1బీ ఉద్యోగ వీసాకి కట్టిన తోక, దాని మీద ఉద్యోగం చేయడానికి లేదు. భర్త కోసం కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్ (ఐ-140) మంజూరైతే భార్య పని అనుమతికి పెట్టుకోవచ్చని 2015లో వెసులుబాటు ఇచ్చారు గానీ, ఈమె భర్త కంపెనీ అప్పటికింకా ఆ కాగితమే కదపలేదు. విడాకులైతే ఆ రోజుతో హెచ్4 హోదా పోతుంది. గ్రీన్ కార్డు క్యూలో భర్త వెనకాల నిలబడ్డ చోటూ పోతుంది. దేశానికి 7 శాతమన్న పరిమితి వల్ల మనవాళ్లకి ఆ క్యూ ఏళ్ల తరబడి కదలదని అందరికీ తెలిసిందే. పిల్లలిద్దరూ ఇక్కడ పుట్టినవాళ్లు. తండ్రి ఒప్పుకోకుండా వాళ్లని తీసుకుని విమానమెక్కితే ఇక్కడి కోర్టులో అది పిల్లల్ని ఎత్తుకుపోయిన కేసు కావచ్చు. అంటే వెళ్తే ఒక్కతే వెళ్లాలి. లేదా ఉండాలి.

భర్త సంగతి తెలిసిన రాత్రే వాళ్లమ్మకి ఫోన్ చేసింది. "కాలు జారాడు గానీ ఇల్లు వదిలిపెట్టలేదు కదమ్మలూ, పిల్లల మొహం చూసి సర్దుకో" అంది తల్లి. అత్తగారు ఇంకో అడుగు ముందుకేసింది: "నువ్వు ఎప్పుడు చూసినా పిల్లలతోనే ఉంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?" అతను సారీ చెప్పాడు. ఏడ్చాడు కూడా. గాజుల జత కొన్నాడు, సెలవులకి కాన్‌కూన్ తీసుకెళ్లాడు. పెళ్లిరోజు ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే రెండు వైపుల చుట్టాలూ దీవించారు. సర్దుకున్నారని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం బ్లడ్ ప్రెషర్ మాత్రల కోసం మా కౌంటర్ దగ్గరికొచ్చింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల.

జానిస్ స్ప్రింగ్ అని ఒక అమెరికన్ సైకాలజిస్టు, భార్యాభర్తల మధ్య నమ్మకద్రోహం మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. 2004లో వచ్చిన పుస్తకంలో ఆమె ఇలాంటిదాన్ని చవక క్షమాపణ అంటుంది. దెబ్బ తిన్నవాళ్లు తమ బాధ లెక్క చూసుకోకముందే, అవతలివాళ్లు ఏమీ చెల్లించకముందే, బంధం తెగిపోతుందన్న భయంతో అప్పు కొట్టేసినట్టు రాసేయడం. ఆమె పుస్తకంలో మన ఊళ్లు లేవు గానీ, మా కాలనీలో సగం ఇళ్లకి ఆ పేజీ సరిపోతుంది.

మన చట్టం చూసినా అంతే. హిందూ వివాహ చట్టం కింద పరాయి సంబంధం విడాకులకి కారణమే, కానీ దాన్ని మన్నించిన భార్యకో భర్తకో ఆ కారణం మీద విడాకులు రావు. మరి మన్నించడమంటే ఏమిటి? 1975లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది: తప్పు క్షమించాలి, మనిషిని మునుపటి స్థానంలో నిలబెట్టాలి, రెండూ జరగాలి. పైగా అది షరతు మీద ఇచ్చిన క్షమ. మళ్లీ అలాంటి తప్పు జరిగితే పాతదీ లేచి కూర్చుంటుంది. ఇంతవరకూ నాకు నచ్చింది. అయితే ఆ కేసులో ఆలూమగలు మామూలుగా కాపురం కొనసాగించడాన్నే మన్నించినట్టు సాక్ష్యంగా తీసుకున్నారు. వీసా మీద బతికే మనిషి విషయంలో ఆ సాక్ష్యం నాకు నమ్మబుద్ధి కాదు. కౌంటర్ దగ్గరికొచ్చిన అమ్మాయీ కాపురం కొనసాగించింది మరి.

ఇలాంటప్పుడు నాకు గురజాడ 'దిద్దుబాటు' గుర్తొస్తుంది. 1910లో వచ్చిన ఆ కథ మన ఆధునిక కథకి మొదలు అంటారు, ఆ మొదలే ఈ గొడవతో. సానుల పాటలకి పోయి రాత్రి ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు, ఉత్తరం కనపడుతుంది: పుట్టింటికి వెళ్తున్నానని. ఆ ఉత్తరంలో మంట పాట గురించి కాదు, మీటింగుల పేరుతో చెప్పిన అబద్ధాల గురించి. అతను కిందా మీదా పడి, సేవకుణ్ణి బతిమాలి, చివరికి మంచం కింద నవ్వు వింటాడు. బళ్లో చదివినప్పుడు హాస్యకథ అనుకున్నాను. ఇక్కడికొచ్చాక చూస్తే ఆ కథ మొత్తం నిలబడింది ఒక్క పుట్టింటి మీద. ఆమె నిజంగా వెళ్లగలదని అతనికి తెలుసు కాబట్టే వణికాడు. పుట్టిల్లు ఇరవై గంటల విమానం అవతల ఉండి, పాస్‌పోర్టు మీద ముద్ర మొగుడి ఉద్యోగాన్ని బట్టి ఉంటే కమలిని ఉత్తరం రాసేదా? రాసినా అతను వణికేవాడా? ఇంకోటి, గురజాడ తెలివిగా నవ్వు దగ్గర కథ ఆపేశాడు. మర్నాడు సాయంత్రం అతను ఆలస్యంగా వస్తే ఆమెకి ఏమనిపించిందో మనకి తెలియదు. నన్ను పక్కకి పిలిచేవాళ్లంతా ఆ మర్నాటి గురించే అడుగుతారు.

సరే, గుంటూరు అమ్మాయి దగ్గరికి వద్దాం. కొంతకాలానికి భర్త ఐ-140 మంజూరైంది, ఆమెకి పని అనుమతి కార్డు వచ్చింది. టెస్టింగ్‌లో చిన్న ఉద్యోగం దొరికింది. మొదటి జీతానికి ఆమె చేసింది తన ఒక్కదాని పేరు మీద బ్యాంకు ఖాతా తెరవడం. టెక్సాస్‌లో పెళ్లయ్యాక ఏ ఒక్కరు సంపాదించినా చట్టం దాన్ని ఇద్దరి ఆస్తిగానే చూస్తుందని, ఇల్లు ఆయన పేరున ఉన్నంత మాత్రాన ఆయనొక్కడిదే అయిపోదని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఇక్కడ విడాకులకి ఎవరి తప్పూ నిరూపించక్కర్లేదు, కేసు వేశాక అరవై రోజులు ఆగాలి, అంతే. పరాయి సంబంధం నిరూపిస్తే పంపకంలో జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు కూడా. ఇవన్నీ ఒక లాయరు దగ్గర కూర్చుని రాసుకుంది. కేసు వేయలేదు. పిల్లల్ని తీసుకుని ఇర్వింగ్‌లో రెండు గదుల అపార్ట్‌మెంట్‌లోకి మారింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇండియాలో పెళ్లి చేసుకుని ఇక్కడ విడాకులు తీసుకునేవాళ్లు 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు తెలుసుకోవాలి. ఆ కేసు మనవాళ్లదే. తిరుపతిలో పెళ్లి, అమెరికాలో మిస్సోరీ కోర్టులో భర్త తెచ్చుకున్న విడాకులు. ఆ డిక్రీ ఇండియాలో చెల్లదంది మన కోర్టు. భార్యని ఊళ్లో దించి వచ్చి ఇక్కడ చప్పుడు చేయకుండా కాగితం తెచ్చుకునే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

వాళ్ల కాపురం బాగుపడటం మొదలైంది ఆ అపార్ట్‌మెంట్ నుంచే. గాజులతో రానిది అద్దె ఒప్పందంతో వచ్చింది. అతనికి మొదటిసారి భయమేసింది. భయంతో పాటు, నా కంటికి, కొంచెం గౌరవం కూడా పుట్టింది. ఇద్దరూ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. ఇన్సూరెన్స్ ఇవ్వదు, చేతి డబ్బులే. ఆ కౌన్సెలర్ తెల్లావిడ, ఆవిడకి మన అత్తగారి సంగతి వివరించడానికే రెండు సెషన్లు పోయాయని ఆ అమ్మాయి నవ్వింది.

బాగుపడటమంటే సినిమాలో లాగా వాన, కౌగిలింత అనుకుంటాం. నేను చూసినంతలో అది చాలా విసుగు పని. ప్రతి రాత్రీ పిల్లలు పడుకున్నాక ఆమె ప్రశ్నలు. ఎప్పుడు మొదలైంది, ఆ దీపావళికి నువ్వు ఆఫీసులో ఉన్నానన్నది నిజమేనా, మా అమ్మ వచ్చిన నెలలో కూడానా. అతను జవాబు చెప్పాలి. "వదిలెయ్, అయిపోయింది కదా" అనకూడదు. నిన్నటి ప్రశ్నే ఇవాళా అడుగుతుంది, నిన్నటి జవాబే ఇవాళా రావాలి. షిర్లీ గ్లాస్ అనే సైకాలజిస్టు 2003లో రాసిన పుస్తకంలో ఇదే చెబుతుంది. రహస్యం నడిచినన్నాళ్లూ పరాయి మనిషికి అన్నీ తెలుసు, ఇంట్లో మనిషికి ఏదీ తెలియదు. బాగుపడాలంటే అది తిరగబడాలి, ఇంట్లో మనిషికి అన్నీ తెలియాలి, బయటి మనిషికి దారి మూసుకుపోవాలి. ఆ రెండో మనిషి అతని ప్రాజెక్టులోనే ఉండేది, ఇతను జీతం తగ్గినా వేరే టీముకి మారాడు.

అన్నిటికన్నా అతనికి కష్టమైంది మాత్రం ఇండియాకి చేసిన ఫోన్. ఒక శనివారం స్పీకర్ పెట్టి, ముందు మామగారితో, తర్వాత తన తల్లితో, "తప్పు నాది, తనని ఏమీ అనొద్దు" అని చెప్పాడు. అత్తగారి నోటి వెంట ఆ "వాడు మాత్రం ఏం చేస్తాడు" అన్న మాట ఆ తర్వాత రాలేదట. నన్నడిగితే ఆ ఒక్క ఫోన్ ఎన్ని కాన్‌కూన్‌లకైనా సమానం. మన కుటుంబాల్లో చెడ్డపేరు ఎప్పుడూ ఇంట్లో ఉన్నావిడ ఖాతాలోనే పడుతుంది, దాన్ని అతను తీసుకెళ్లి తన ఖాతాలో వేసుకున్నాడు.

దారి ఉంటే చాలు, అన్నీ బాగుపడిపోతాయనీ అనను. ప్లేనోలో ఒక అబ్బాయి ఉన్నాడు, అతని భార్య వైపు నుంచి జరిగింది. అతనికి ఉద్యోగముంది, గ్రీన్ కార్డుంది, వెళ్లడానికి ఏ అడ్డూ లేదు. అయినా ఉందామనుకున్నాడు. అతనికి మాత్రం సర్దుకోమని ఒక్కరూ చెప్పలేదు. తల్లి పంపించెయ్యమంది, స్నేహితులు మగాడివేనా అన్నారు. భార్యని ఇంకొకడు తాకితే మొగుడి సొత్తు పోయినట్టు చూసే బుద్ధి మన రక్తంలో ఎంత ఉందో చెప్పడానికి ఇండియన్ పీనల్ కోడ్‌లోని పాత 497 సెక్షనే చాలు. దాని కింద భర్త ఆ రెండో మగాడి మీద కేసు పెట్టగలిగేవాడు, మొగుడు తిరిగితే భార్యకి ఫిర్యాదు చేసే హక్కే ఉండేది కాదు. బ్రిటిష్ వాళ్ల నాటి ఆ సెక్షన్‌ని 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. వాట్సాప్ గ్రూపుల్లో అది ఇంకా అమల్లోనే ఉంది. అందరి మాటా కాదని ఆ అబ్బాయి ఏడాదికి పైగా ప్రయత్నించాడు. కానీ భార్య అతని ప్రశ్నలకి నిలబడలేదు. అడిగిన ప్రతిసారీ తలుపేసుకునేది. చివరికి విడిపోయారు. పిల్లని వారం వారం మార్చుకుంటూ, స్కూలు ఫంక్షన్లకి పక్కపక్కన కూర్చుంటూ, ఇప్పుడు మర్యాదగానే ఉన్నారు. ఆ కాపురం నిలవకపోవడం తప్పని నేననను.

గుంటూరు అమ్మాయి చివరికి పిల్లలతో ఇంటికి తిరిగొచ్చింది. అద్దె ఒప్పందం మాత్రం గడువు తీరేదాకా రద్దు చేసుకోలేదు, నెల నెలా కట్టింది. "డబ్బులు దండగ కదా" అని వాళ్లమ్మ ఫోన్లో గోల. బ్లడ్ ప్రెషర్ మాత్రలు తగ్గాయి, పోలేదు.

ఈ మధ్య అతనే ఒకరోజు షాపుకొచ్చాడు. పిల్లాడి జలుబు మందు తీసుకుని, వెళ్లకుండా నిలబడ్డాడు. "అక్కా, అంతా చెప్పాను, అన్నీ మార్చుకున్నాను. అయినా ఆఫీసులో అరగంట ఆలస్యమైతే ఎక్కడున్నావని ఫోన్ వస్తుంది. ఇంకెన్నాళ్లు ఇలా?" అన్నాడు. ఆ లెక్క నీ దగ్గర ఉండదు నాయనా, ఆమె దగ్గర ఉంటుంది, ఆమెకీ ఇంకా తెలిసి ఉండదు అన్నాను. కాసేపు ఆలోచించి, బిల్లు కట్టి, పార్కింగ్‌లోకి వెళ్తూనే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మందుల షాపులో ఉన్నా, పది నిమిషాల్లో వస్తున్నా" అనడం వినపడింది. అప్పటికి ఆమె ఇంకా ఫోన్ చేయలేదు.