అద్దె సైకిలు

ఫుట్‌బాలు గురించి వ్రాయడానికి నీకేం అర్హత వుందయ్యా అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై యేళ్ళుగా కరీంనగరంలో డిగ్రీ పిల్లలకు పద్యాలూ ఛందస్సూ చెప్పుకుంటున్నవాణ్ణి. గురులఘువులు లెక్కపెట్టడం తెలుసుగాని, గోళ్ళు అంటే ఇప్పటికీ నాకు వేళ్ళకుండేవే ముందు గుర్తొస్తాయి.

అయినా వ్రాయక తప్పడంలేదు. కారణం ఒక కుర్రాడు.

2019లో మాట. పాత ఆదిలాబాదు జిల్లాలోని ఒక బొగ్గుగనుల వూరినుంచి వచ్చి మా దగ్గర బి.ఏ. చదువుతుండేవాడు. తండ్రి గనిలో పని. కుర్రాడు ఫుట్‌బాలు ఆడతాడని అందరూ అనేవారు, నేను చూళ్ళేదు. నేను చూసిందల్లా హాజరుపట్టీలో అతని పేరుకెదురుగా వున్న సున్నాలు. పరీక్ష ఫీజు కట్టే ఆఖరురోజున ఒక కాగితం పట్టుకుని నా బల్లముందు నిలబడ్డాడు. మ్యాచులకు పోయిన రోజులను హాజరుకింద లెక్కవేయమని దాని సారాంశం. నేను సంతకం పెట్టాలి.

"బంతి తన్నితే అన్నం పుడుతుందా?" అన్నాను.

"పుట్టది సార్. కానీ ఆడకపోతే పాణం కొట్టుకుంటది" అన్నాడు.

ఆ మాటకు నవ్వి వుంటే బాగుండేది. నాకు కోపం వచ్చింది. నిబంధనలు చదివి వినిపించాను. గొంతు సవరించుకుని మరీ చదివాను. "సరే సార్" అని వెళ్ళిపోయాడు. వాడికి ఒక సంవత్సరం పోయింది. అటుతర్వాత కాలేజీకే రాలేదు.

నాలుగేళ్ళు గడిచాయి. 2023 ఫిబ్రవరిలో ఒకనాడు మా ఆవిడ పాత పేపరు పరచి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఈనెలకింద ఒక ముసలాయన ఫోటో. తులసీదాస్ బలరాం, ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయారట, ఎనభై ఆరేళ్ళు. పుట్టింది సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో అని వుంది. మనవాడా! బొల్లారం వైపు రైల్లో పోతుంటే ఆ స్టేషను బోర్డు ఎన్నిసార్లు చదివి వుంటానో! ఆ పేరు మాత్రం ఎన్నడూ వినలేదు.

అప్పటినుంచి ఆయన గురించి దొరికినదల్లా చదివాను. తమిళం మాట్లాడే బీదకుటుంబంలో 1936లో పుట్టాడు. ఆ చుట్టుపక్కలంతా దండు. సిపాయిల ఆట చూసి పిల్లలు ఏది దొరికితే అది తన్నుతూ పెరిగారు. బూట్లు కొనే తాహతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్లతో ఒక చెప్పులు కుట్టేవాడిచేత ఆటబూట్లు చేయించుకున్నాడట.

అతణ్ణి గుర్తించినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, బడిలో పాఠాలు చెప్పిన మాష్టారు. అవునండీ, నావంటి పంతులే! తర్వాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకూ, దేశపు జట్టుకూ శిక్షకుడయ్యారు. హైదరాబాదు వచ్చి సాధన చెయ్యమంటే, రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవన్నాడు బలరాం. అయితే అద్దె సైకిలు తీసుకో, డబ్బు నేనిస్తానన్నారట రహీం సాహెబు.

అక్కడ చదవడం ఆపి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి కథ త్వరత్వరగా నడుస్తుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళినప్పుడు అతనికి ఇరవై యేళ్ళు. మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియానుంచి సెమీఫైనలు దాకా వెళ్ళిన మొదటి జట్టు అదే. 1957లో కలకత్తా ఈస్ట్‌బెంగాల్ పిలిచింది. పిల్లవాడు మూట కట్టుకుని భాష రాని వూరికి వెళ్ళిపోయాడు. ఇటువంటి వలసలు ఆటకు కొత్తగాదు. 1880ల నాటికే స్కాట్లండు కుర్రాళ్ళు ఇంగ్లండు క్లబ్బులకు బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళేవారు. ఒకరికొకరు బంతి అందించుకుంటూ ఆడే పద్ధతి వాళ్ళే నేర్పారు గనుక, వాళ్ళకు "స్కాచ్ ప్రొఫెసర్లు" అని పేరు వచ్చిందట. ప్రొఫెసరు కావాలని నేను పదేళ్ళుగా దరఖాస్తులు పెడుతున్నాను. బంతి తన్నినా సరిపోయేదని మా ఆవిడ అభిప్రాయం.

1960 రోము ఒలింపిక్సులో హంగరీ చేతిలో 2-1తో ఓడాం; ఆ ఒక్క గోలూ బలరాందే. పెరూతో 3-1తో ఓడాం. ఆ ఒక్కటీ అతనిదే. ఓడిన ఆటలో మనవైపు పడిన ఒక్క గోలుకు ఎంత విలువో ఆటగాళ్ళకే తెలియాలి. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో, మనవాళ్ళను గేలిచేస్తున్న జనం నడుమ, దక్షిణకొరియాను 2-1తో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ కలిపి చెప్పుకునే రోజులవి.

మరుసటి యేడు జూన్‌లో రహీం సాహెబు ఊపిరితిత్తుల కాన్సరుతో పోయారు. అదే 1963లో బలరాంకూ ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆట నిలిచిపోయింది. ఇరవై యేడేళ్ళ ప్రాయం! మనలో చాలామందికి ఉద్యోగమైనా దొరకని వయసు.

తర్వాత అరవై యేళ్ళు బ్రతికారు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో కాపురం. 1962లో అర్జున వచ్చింది. మిగతా యిద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకు రాలేదు. ఆ సంగతి ఆయన మనసులో ముల్లులా వుండేదంటారు. నాకు మాత్రం దానికంటే, అమ్ముగూడ మీదుగా పోయే రైల్లో ఒక్కడూ ఆయన పేరు ఎత్తకపోవడమే పెద్ద అన్యాయంగా తోచింది. ఆ ఒక్కళ్ళలో నేనూ వున్నాను.

మర్నాడు పాత రిజిస్టరు వెతికి ఆ కుర్రాడి నంబరు పట్టుకున్నాను. రెండురోజులు చెయ్యబుద్ధి కాలేదు. మూడోనాడు చేశాను.

"సార్! మీరా? మంచిగున్నరా?" అన్నాడు. గొంతులో కోపంలేదు, అదే నాకు కష్టమనిపించింది. మంచిర్యాలలో ఒక దుకాణంలో పని చేస్తున్నాడట. ఆదివారం ఆదివారం గనుల మైదానంలో చిన్నపిల్లలకు ఆట నేర్పుతున్నాడట.

బలరాం సంగతి చెప్పాను. అతనూ వినలేదు. సైకిలు సంగతి చెప్పేసరికి కాసేపు మాట్లాడలేదు.

"ఆ రోజు నేను సంతకం పెట్టాల్సింది" అన్నాను.

"పోనీయుండ్రి సార్. కిరాయి సైకిలు దొరికినోళ్ళు దొరుకుతరు, దొరకనోళ్ళు నడుస్తరు" అని నవ్వి, "మీరు ఒకపారి మా పోరగాండ్ల ఆట చూడ వస్తరా?" అన్నాడు.

వచ్చే ఆదివారం బండెక్కుతానని మాట ఇచ్చాను. పిల్లలు ఎంతమందని అడిగాను. ఇరవై మూడు మంది, బంతులు రెండేనట. ఆ సాయంత్రం బజారుకు వెళ్ళి బంతుల ధర అడిగాను. ఎన్నో నంబరు సైజు కావాలని దుకాణదారు అడిగితే తెల్లముఖం వేసి, మళ్ళీ కుర్రాడికే ఫోను చేశాను.