నల్లదాన్ని పుంజు అనుకున్నా

మొన్న ఆదివారం మా ఇంటికొచ్చిన ఫ్రెండ్ పెరట్లో కోడిపిల్లల్ని చూసి, "వీటిల్ల పుంజులేవిరా, పెట్టలేవి?" అని అడిగాడు. ఐదు వారాల పిల్లలు. "ఇంకో రెండు నెలలు ఆగు, చెప్తా" అన్నా. వాడు పకపకా నవ్వాడు. ఆ మాట నేర్చుకోవడానికి ఒక కోడి ప్రాణం పోయిందని వాడికి తెలీదు. అది నా కోడి కూడా కాదు, మా బాపమ్మది.

మాది వరంగల్ పక్కన, మామునూరు దాటాక వచ్చే చిన్న ఊరు. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకగానే హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి ఇంటికొచ్చేశా. పెరడంతా బాపమ్మ రాజ్యం. నాటు గుడ్లకు ఊళ్లో మంచి గిరాకీ. ఆ డబ్బులు ఆమె ఎవరికీ ఇవ్వదు. "పింఛన్ పైసలు ఇంట్లకు, గుడ్ల పైసలు నాకు" అంటుంది. మోకాళ్ల నొప్పుల గోలీలు, ఫోన్ రీచార్జి, మనవరాళ్ల చేతిలో పెట్టే యాభై నోటు, అన్నీ అందులోంచే. అందుకే ఆమెకు ఒకటే రూల్: కోస్తే పుంజును కోయాలి, పెట్ట జోలికి పోవద్దు.

ఒకసారి ఆమె జనగామలో మా మేనత్త ఇంటికి వారం రోజులు పోయింది. అప్పుడే చుట్టాలొచ్చారు. "ఒక పుంజును పట్టుకురా" అన్నాడు బాపు. నా చూపు నల్లదాని మీద పడింది. ఐదు నెలలుంటాయి. పొడుగు కాళ్లు, మెడ నిక్కించి నడక. రెండు వారాల నుంచి తురాయి ఎర్రగా మెరుస్తోంది. డౌట్ వచ్చి ఫోన్‌లో చూశా. నిమిషం వీడియోలో ఒకాయన "తురాయి ఎర్రగా ఉంటే పుంజే" అని తేల్చేశాడు. నేనూ తేల్చేశా.

కోసే అన్న పొట్ట తీసి ఆగిపోయాడు. "అరే తమ్మీ, ఇటు చూడు" అన్నాడు. లోపల పసుపుపచ్చ గుత్తి. ఆవగింజంతవి, శనగగింజంతవి, గోళీ అంతవి. అన్నీ పెట్టబోయే గుడ్ల సొనలు. "ఇంకో వారం, పది దినాలల్ల గుడ్లకొచ్చేది" అన్నాడు. ఆ రోజు కూర అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

బాపమ్మ వచ్చిన సాయంత్రం గంప మూసేటప్పుడు లెక్కపెట్టింది. "నల్లది ఏది బిడ్డా?" అని అడిగింది. చెప్పా. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎర్రగయిందని కోపిచ్చినవా? పెట్ట గుడ్డుకు దగ్గరపడ్డప్పుడు గట్లనే ఎర్రగైతది" అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున తనే పిలిచింది. ఒక్కో కోడినీ పట్టి నా ఒళ్లో పెట్టి చూపించింది. నాకు అర్థమైంది ఇదీ:

తురాయి ఎప్పుడు ఎర్రబడిందన్నది ముఖ్యం. ఆరేడు వారాలకే తురాయి, గొంతు కింద వేలాడే తోలు పెద్దవై ఎర్రబడితే పుంజు కావచ్చు. పెట్టకు నెలల తరబడి పాలిపోయే ఉండి, గుడ్లకొచ్చే ముందు ఎర్రబడతాయి. కాళ్లు కూడా పుంజుకు లావుగా ఉంటాయి. ఇవన్నీ అనుమానాలే. గట్టి గుర్తు ఈకల్లో ఉంది. మూడు నెలలు దాటాక మెడ మీద, తోక మొదట్లో నడుం మీద చూడాలి. పుంజుకు అక్కడ సన్నగా, పొడుగ్గా, మొన తేలిన మెరిసే ఈకలొస్తాయి. పెట్టకు కొస గుండ్రంగా ఉంటుంది. నల్లదాని నడుం మీద నేను ఒక్కసారి కూడా చూడలేదు.

మొన తేలిన గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటాయని కొందరంటారు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ దానికి ఉల్టా రాశాడు. ఇద్దరి మాటా తప్పే, గుడ్డు ఆకారానికీ దీనికీ సంబంధం లేదు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల వనరాజా, గ్రామప్రియ పిల్లలైనా, మన నాటు పిల్లలైనా, మొదటి రోజుల్లో మామూలు కంటికి తేడా దొరకదు. ఒక్క రోజు పిల్ల మలద్వారం లోపల చూసి చెప్పే విద్యను జపాన్ వాళ్లు కనిపెట్టారు. మసుయి, హషిమోతో అనే ఇద్దరు 1933లో దాని మీద ఇంగ్లిష్‌లో పుస్తకమే తెచ్చారు. చాలా ప్రాక్టీస్ ఉంటే తప్ప రాదు.

హేచరీలకు ఆ తొందర ఎందుకంటే, గుడ్ల జాతిలో పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికీ త్వరగా ఎదగదు. అందుకే చాలాచోట్ల మగపిల్లల్ని మొదటిరోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దాన్ని నిషేధించింది. చిన్నప్పుడు బండి మీద గులాబి, ఆకుపచ్చ రంగులేసి అమ్మే పిల్లల్ని కొన్నాం కదా? అవి చాలావరకు అట్లా పక్కన పెట్టిన మగపిల్లలే.

ఇదంతా ఒకరోజు బాపమ్మకు చెబుతూ ఇంకో మాట కూడా చెప్పా. కోళ్లలో పిల్ల పుంజా, పెట్టా అన్నది తల్లిని బట్టి ఉంటుంది. మనుషుల్లో తండ్రిని బట్టి. జొన్నలు చల్లుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"అంటే మొగోని నుంచే అన్నట్టా?"

"అవునే బాపమ్మా."

"మరి ముగ్గురూ ఆడపిల్లలేనాయె అని, మీ బాపు పుట్టేదాక మా అత్త నన్ను గన్ని మాటలెందుకన్నది?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె కూడా జవాబు కోసం అడగలేదు. గంప ఎత్తి కోళ్లను వదిలింది. గింజలకు ముందుగా ఉరికొచ్చింది పెట్టలే.

ఇప్పుడు గంప కింద 9 పిల్లలున్నాయి. ఒకటి నల్లగా ఉంది. దాని తురాయి కొంచెం ఎర్రగా కనిపిస్తోందని ఫ్రెండ్ వేలు పెట్టి చూపించాడు. నేను ఏమీ అనలేదు. నడుం మీద ఈకలు వచ్చేదాకా దాని పేరు నల్లదే.