మావాడూ అంతేనండీ

వన్‌టౌన్‌లో కొండ మీద ఇంటికి డోర్ నంబరు ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పనిలేదు. మెట్ల లెక్కే చిరునామా. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు కింద నుంచే "ఎన్నో మెట్టండీ?" అని కేకేస్తాడు. మాది డెబ్బై నాలుగు. మా కింద, యాభై రెండో మెట్టు దగ్గర, కాళేశ్వరరావు మార్కెట్లో ఉల్లిపాయల కొట్టున్న అన్నయ్యగారు, వదినగారు. మా పైన, తొంభయ్యో మెట్టు దగ్గర, పంజా సెంటర్లో మోటార్లకు వైండింగ్ కట్టే భాయ్, ఆయన భార్య. నేను వస్త్రలతలో గుమస్తాని. ముగ్గురికీ తలా ఒక మగపిల్లాడు. ముగ్గురిదీ ఒకే ఈడు, ఒకే బడి. మెట్లు మలుపు తిరిగే చోట ఒక వేపచెట్టు, దాని కింద సిమెంటు అరుగు, అరుగు వెనక మామ్మగారి ఇల్లు.

మే నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాటిందంటే మా సంసారాలు మూడూ ఆ అరుగు మీదే. పగలంతా ఎండ మింగిన కొండరాయి రాత్రి మెల్లగా కక్కడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఫ్యాను వేస్తే పొయ్యి ఊదినట్టుంటుంది. ఆడవాళ్లు విసనకర్రలు పట్టుకుని, మగవాళ్లం బనియన్ల మీద, నది వైపు నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చే గాలి కోసం కూర్చుంటాం. మాట ఎక్కడ మొదలైనా పిల్లల మీదికే వస్తుంది. మార్కులూ కాలేజీ ఫీజులూ పగటి మాటలు, చుట్టాల ముందు చెప్పుకునేవి. రాత్రి మాటలు వేరు. వీడు ఇవాళ ఏం పగలగొట్టాడు, ఎక్కడ పడ్డాడు, ఎన్నింటికి ఇల్లు చేరాడు.

ఈ మాటలకో పద్ధతుంది. ఒకరు చెప్పుకుంటే రెండోవారు సలహా ఇవ్వరు. "మావాడూ అంతేనండీ" అంటారు. సగం సార్లు అది అబద్ధం. భాయ్ కొడుకు నోట్లో నాలుక లేనివాడు. అయినా మావాడు గోడ దూకి కాలు బెణికించుకొచ్చిన రోజు, మా ఆవిడ మొహం చూసి భాభీ, "మావాడు రెండు గోడలు దూకుతాడు వదినా" అంది. పిల్లల పెంపకం మీద పుస్తకాలు రాసేవాళ్లు ఈ అబద్ధానికి ఎక్కడా చోటిచ్చినట్టు లేదు.

ఆడపిల్లల విషయంలో మాటలు కూడా ఉండవు, పనే. వదినగారి పెద్దమ్మాయి ఇంటర్ సెలవుల్లో యూట్యూబ్ చూసి ఇంట్లోనే జుట్టుకు రంగేసుకుంది. ద్రాక్షసారా రంగు రావాలట. వచ్చింది వంకాయ రంగు. ఎల్లుండి ఉయ్యూరులో మేనమామ పెళ్లి. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీదే ఏడ్చేసింది. మా ఆవిడ ఆ పిల్లని ఒక్క మాటా అనలేదు. అరకిలో మల్లెమొగ్గలు తెప్పించి, తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చుని, మాడు నుంచి జడ కొస దాకా వెంట్రుక కనబడకుండా పూలజడ కుట్టింది. పెళ్లి ఫోటోల్లో అందరికంటే ఆ పిల్ల జడే బాగుందని పెళ్లివారన్నారు.

మా నాన్నల కాలంలో ఈ పద్ధతి లేదు. 1989 వేసవిలో నాకు పద్నాలుగేళ్లు. ఏప్రిల్లో డెల్టా కాలువలు కట్టేస్తే ఏలూరు కాలువా బందరు కాలువా అడుగు కనబడేవి. మళ్లీ జూన్‌లో నారుమళ్లకు నీళ్లొదిలేదాకా మాకు ఈతకు చోటుండేది కాదు. బ్యారేజికి దిగువన కృష్ణ కూడా ఇసుకే, మధ్యమధ్య సన్నటి పాయలు. అవతల సీతానగరం వైపు పుచ్చపాదులున్నాయని ఎవరో అంటే నలుగురం ఆ ఇసుకలో అడ్డంపడి నడిచాం. మోకాలి లోతే అనుకున్న పాయలో నా స్నేహితుడు నిలువునా దిగిపోయాడు. ఇసుక తవ్విన గుంత అది. పైనుంచి చూస్తే తెలియదు, నీళ్లన్నీ ఒకే రంగులో ఉంటాయి. గుంత అంచు మీద కాలు పెడితే ఆ అంచే కరిగి కిందికి జారుతుంది, నిలదొక్కుకుందామన్నా కింద ఏమీ ఉండదు. దగ్గర్లో బట్టలుతుకుతున్న ఒకాయన తడిపంచె విసిరి వాణ్ణి లాగాడు.

రెండు రోజుల్లో వాడు మామూలయ్యాడు. మా నాన్నలే కాలేదు. "మీవాడే తీసుకెళ్లాడు" అని ఆయన, "మీవాడే ముందన్నాడు" అని మా నాన్న. ఎదురెదురు ఇళ్లలో ఉంటూ మూడేళ్లు మాటల్లేవు. 1992 పుష్కరాల్లో దుర్గా ఘాట్ మెట్ల మీద తడిబట్టలతో ఎదురుపడి "ఏం బావా" అనుకునేదాకా అంతే. ఆ మూడేళ్లూ వాడూ నేనూ గాంధీ కొండెక్కి, 1968లో జాకీర్ హుస్సేన్ వచ్చి ప్రారంభించిన ఆ స్తూపం నీడలో దొంగచాటుగా కలుసుకునేవాళ్లం. ఇంతకీ పుచ్చపాదుల మాట ముందన్నది వాడూ కాదు, నేనూ కాదు. మూడోవాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

ఇదంతా 2023 మే నెలలో మళ్లీ గుర్తొచ్చింది. పదో తరగతి ఫలితాలొచ్చిన వారం. మా ముగ్గురు పిల్లలూ పాసయ్యారు. ఒకరోజు తెల్లారకుండానే మ్యాచ్ ఉందని బయల్దేరారు. నమ్మకం కోసం బ్యాటు కూడా పట్టుకెళ్లారు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. మూడిళ్ల స్నేహంలో ఉన్న లొసుగు ఇదే. పిల్లాడు కనబడకపోతే పక్కింట్లో తింటున్నాడని ధీమా. సాయంత్రం ఆరున్నరకు వదినగారు మెట్లెక్కి వచ్చి "మావాణ్ణి ఇంక పంపండి వదినా" అంది. మా ఆవిడ అదే మాట అడగడానికి పైకి బయల్దేరుతోంది.

ముగ్గురికీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ స్విచాఫ్. భాయ్ చిన్నకూతురికి తొమ్మిదేళ్లు. ఎనిమిదింటికి, రెండు చాక్లెట్లు పుచ్చుకుని నిజం చెప్పింది. "సముద్రం చూడ్డానికెళ్లారు." పొద్దున పాసింజరెక్కి గుడివాడ మీదుగా బందరు, అక్కణ్ణుంచి మంగినపూడి.

ఆ మాట వినగానే మామ్మగారు అరుగు మీద కూలబడింది. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెనొచ్చినప్పుడు ఆవిడ దివిసీమలోనే ఉంది. పదివేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. చెట్లు పట్టుకుని తెల్లవార్లూ వేలాడి బతికినవాళ్ల సంగతులు మాకు ఎన్నోసార్లు చెప్పింది గానీ తనవాళ్ల సంగతి ఒక్కసారీ చెప్పలేదు. మంగినపూడి దగ్గర లోతు తక్కువ మామ్మగారూ, ఇసుక కూడా కాదు నల్లమట్టి, దత్తాశ్రమానికి వచ్చినవాళ్లు పిల్లాపాపలతో దిగుతారు, అని నేను చెబుతూనే ఉన్నాను. ఆవిడ వినడం లేదు. నాకు నేనే చెప్పుకుంటున్నానని కాసేపటికి తెలిసింది.

బందరులో మనవాళ్లెవరున్నారు? నా దగ్గరున్నది ఖాతా పుస్తకం ఒక్కటే. కోనేరు సెంటర్ దగ్గర బట్టల కొట్టు షావుకారు ఒకాయన మా కొట్టుకు ఏడాదిగా బాకీ. నా నంబరు చూస్తే ఎత్తడు. అందుకని అన్నయ్యగారి ఫోన్ నుంచి చేశాను. గొంతు గుర్తుపట్టి, "సోమవారం వేసేస్తానండీ" అన్నాడు.

"డబ్బుల కోసం కాదండీ. మావాడు, ఇంకో ఇద్దరు పిల్లలు..."

ఒక్క క్షణం ఆగాడు. "ఏ రంగు చొక్కాలండీ?"

పావుగంటలో కొట్టు కట్టేసి, కొడుకుని బండి వెనక ఎక్కించుకుని మంగినపూడి దారి పట్టాడట. బందరు నుంచి అది పదకొండు కిలోమీటర్లు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే భాయ్ చుట్టం ఒకాయన బస్టాండుకు వెళ్లాడు. మా ఆవిడ చెబితే 112కి కూడా చేసి వివరాలు రాయించాను. ఇక చేసేదేం లేదు.

ఆ గంటన్నరలో వదినగారు పెద్ద గిన్నెలో పెరుగన్నం కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి తెచ్చి, వద్దన్నా వినకుండా అందరి చేతుల్లో ముద్దలు పెట్టింది. భాభీ తస్బీహ్ తిప్పుతోంది. మామ్మగారు అమ్మవారి గుడి దీపాల వైపు చూస్తోంది. నా నాలుక చివర ఒక ప్రశ్న దురద పెడుతోంది, మా నాన్న నోట వచ్చిన ప్రశ్నే. అన్నయ్యగారి నోట్లోనూ అదే మెదులుతోందని తెలుస్తూనే ఉంది. ఆయన నా వైపు తిరిగి "మీవాడు..." అని మొదలుపెట్టాడు. ఆగాడు. గొంతు సవరించుకుని, "మీవాడు పొద్దున టిఫిన్ తిని వెళ్లాడా?" అని పూర్తి చేశాడు.

తినలేదని చెప్పాను.

తొమ్మిదీ నలభైకి ఫోనొచ్చింది. "దొరికారండీ. ముగ్గురూ దారిలో నడుస్తున్నారు. ఒకడికి చెప్పుల్లేవు." ఆటోకి డబ్బుల్లేక నడక మొదలుపెట్టారట. డబ్బులెందుకు లేవంటే బందరులో దిగగానే తొక్కుడు లడ్డు అరకిలో కొన్నారు, ఇంటి దగ్గర మాకు లంచమివ్వడానికి. షావుకారు వాళ్లకు భోజనం పెట్టించి, తనే టికెట్లు తీసి, రాత్రి బస్సు కండక్టరుకు అప్పజెప్పాడు.

అర్ధరాత్రి దాటాక పండిట్ నెహ్రూ బస్టాండులో ముగ్గురు తండ్రులం నిలబడ్డాం. అప్పుడు భాయ్ ఒక మాటన్నాడు. "అన్నా, ఎవరి పిల్లాణ్ణి వాళ్లు తిట్టొద్దు. సొంతవాడైతే చెయ్యి లేస్తది. మనం మార్చుకుందాం." అలాగే మార్చుకున్నాం. మావాడు అన్నయ్యగారికి, ఆయన కొడుకు భాయ్‌కి, భాయ్ కొడుకు నాకు. అన్నయ్యగారు తెల్లవారుజామున ఉల్లి లారీల దగ్గర వాడే గొంతు ఎత్తేసరికి ప్లాట్‌ఫాం మీద నిద్రపోతున్నవాళ్లు లేచి కూర్చున్నారు. భాయ్ మాట పెంచకుండా పది నిమిషాలు మాట్లాడితే అవతలివాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. నా వంతుకొచ్చిన పిల్లాడి చెవుల్లో నల్లమట్టి, కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో బ్యాటు మాత్రం వదల్లేదు. వాణ్ణి నేను ఏమీ అనలేకపోయాను. టీ ఇప్పించాను.

మామ్మగారు అంత రాత్రప్పుడూ అరుగు మీదే ఉంది. ముగ్గురి తలలూ తడిమి చూసి, లడ్డు పెట్టె లాక్కుని లోపల పెట్టేసింది. మర్నాడు కొండ మీద అందరికీ తలొకటి పంచింది, వాళ్ల ముగ్గురికీ తప్ప. ఆ నెల బందరు బాకీ కోసం నేను ఫోన్ చేయలేదు. మా యజమాని అడిగితే మంచి పార్టీ అని చెప్పాను. ఇక సముద్రం మాట ముందన్నది ఎవడన్నది ఇప్పటికీ మాకు తెలియదు. భాయ్ చిన్నకూతురికి తెలుసు. ఇంకో రెండు చాక్లెట్లిస్తే చెప్పేదే. ఎవరూ ఇవ్వలేదు.

పది రోజులు తిరగలేదు, మావాడు భాయ్ స్కూటీ తాళం చడీచప్పుడు కాకుండా తీసుకుని చిట్టినగర్ సొరంగం దగ్గర పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, బండికి అద్దం పోయింది. ఇంకేం కాలేదు. భాయ్ పసుపు అద్ది గుడ్డ కట్టి, "మావాడికి నడపడం రాదు గనక పడలేదు" అన్నాడు. ఆ రాత్రి చట్టం ఏమంటుందో తీసి చదివాను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ అది. మైనరు బండి తీసి నేరం చేస్తే తల్లిదండ్రులో బండి యజమానో దోషులు. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లాడికి ఇరవై అయిదేళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడంటే ఆ సంగతి యజమానే రుజువు చేసుకోవాలి. పదహారేళ్లకే లైసెన్సిస్తారని పిల్లలంటారు గానీ అది 50 సీసీ దాటని గేర్లు లేని బండికి. మన వీధుల్లో తిరిగే స్కూటీలు చాలావరకు వందకు పైనే. అంటే నా కొడుకు చేసిన పనికి భాయ్ కోర్టుకెళ్లాల్సి వచ్చేది. ఆయన ఆ మాట అనలేదు. చదివిన నాకే తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

మర్నాటి రాత్రి అరుగు మీద ఒక తీర్మానం చేసుకున్నాం. సెలవులిచ్చిన రోజు నుంచి మళ్లీ జూన్‌లో బళ్లు తెరిచేదాకా మూడిళ్ల బండి తాళాలూ మామ్మగారింట్లో ఖాళీ ఆవకాయ జాడీలో ఉంటాయి. మాకు కావాలన్నా ఆవిడనే అడగాలి. ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవు, కనీసం రెండుసార్లు అరవాలి. ఎవరు బండి తీస్తున్నారో యాభై రెండో మెట్టు నుంచి తొంభయ్యో మెట్టు దాకా అందరికీ వినబడుతుంది.