నాలుగు ముక్కల టీవీ

2022 మార్చిలో గ్రాన్ టురిస్మో 7 సర్వర్లు ముప్పై గంటలకు పైగా పడకేశాయి. ఈ కార్ల పందెం ఆట విడుదలై అప్పటికి రెండు వారాలు. ఒక అప్‌డేట్ బెడిసికొట్టింది. ఇంట్లో నిక్షేపంలాంటి ఫైబర్ నెట్ ఉన్నవాళ్లకు కూడా ఒంటరిగా కారు తిప్పుకుందామన్నా చాలావరకు కుదరలేదు. కంపెనీ సర్వర్ సరేననందే ఆ ఆటలో ఎక్కువ భాగం తెరుచుకోదు. చివరికి నిర్మాత కజునోరి యమవుచి క్షమాపణ చెప్పి, ఇబ్బందిపడిన ఆటగాళ్లకు ఆటలో చెల్లే పది లక్షల క్రెడిట్లు ఇచ్చాడు.

అమెరికాలో ఉండగానే ఈ సంగతి తెలిసిన ఒక తండ్రి, సెలవులకు కూతురితో అక్క ఊరు గార్లదిన్నెకు వెళ్లేటప్పుడు ఏ ఆట మోసుకెళ్లాలో ముందే తేల్చుకున్నాడు. అతను ఉంటున్నది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అక్కడి బడులకు మే నెలాఖరులో సెలవులిస్తారు, ఇక్కడి బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. రెండు దేశాల పిల్లలు ఒక గదిలో కూర్చోగలిగేది ఆ మధ్యలోనే.

గార్లదిన్నె మారుమూల ఊరేం కాదు. హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు హైవే మీద, అనంతపురానికి ఉత్తరాన ఉంటుంది. మండలంలోనే పెనకచెర్ల డ్యామ్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నెలకు 149 రూపాయలకే ఫైబర్‌నెట్ అంటూ 2017 డిసెంబరులో మొదలుపెట్టిన పథకం గురించీ ఊళ్లో తెలుసు. సెల్ సిగ్నల్ కూడా వస్తుంది. వస్తుంది, పోతుంది. బ్యాంకు మెసేజ్ చూసుకోవడానికి ఆ మాత్రం చాలు. ముప్పై, నలభై జీబీల అప్‌డేట్ దించుకోవాలంటే మాత్రం తెల్లారిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలమీద రైతులు శెనక్కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేసుకున్నాకే మబ్బు కోసం చూస్తారు. అతనూ అదే లెక్కన దించుకోవాల్సినవన్నీ ఫ్రిస్కోలోనే దించుకుని వచ్చాడు.

నిజానికి ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుని ఆడటానికి నెట్‌తో పనే లేదు. చేతిలోని కంట్రోలర్లు కన్సోల్‌తో నేరుగా గాల్లోనే మాట్లాడుకుంటాయి. నెట్ అడిగేది ఆట కాదు, అనుమతులు. ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోల్ కొత్తది డబ్బా విప్పితే మొదటిసారి నెట్ తగిలించక తప్పదు. 2023లో వచ్చిన సన్న రకం ప్లేస్టేషన్ 5కు డిస్క్ డ్రైవ్ విడిగా కొని బిగించినా, అది పనిచేయడానికి ముందు ఒకసారి నెట్ కావాలి. డౌన్‌లోడ్ చేసి కొన్న ఆటలైతే, ఆ కన్సోల్‌ను మన ఖాతాకు సొంత కన్సోల్‌గా నమోదు చేసుకోకపోతే ఊళ్లో మొండికేస్తాయి. డబ్బు కట్టినవాడి దగ్గరే మళ్లీ మళ్లీ రసీదు అడగడం ఏం మర్యాదో!

అందుకే అతను నింటెండో స్విచ్ కన్సోల్, మారియో కార్ట్ 8 డీలక్స్ అనే కార్ల పందెం ఆట కార్ట్రిడ్జ్ తెచ్చాడు. కార్ట్రిడ్జ్ దూరిస్తే ఆట మొదలవుతుంది, ఖాతా అడగదు. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, కాబట్టి ప్లగ్గు పిన్ను మారిస్తే సరి. పైగా నింటెండో మన దేశంలో స్విచ్‌ను అధికారికంగా అమ్మలేదు. ఇక్కడ కనబడే వాటిలో కొన్ని ఇలా సూట్‌కేసుల్లో దిగినవే.

అక్క ఇంట్లో ఉన్నది 32 అంగుళాల టీవీ. నలుగురికి పంచితే తలా పదహారు అంగుళాల ముక్క. ఇద్దరు ఆడేటప్పుడు సెకనుకు 60 బొమ్మలు గీసే ఆట, ముగ్గురో నలుగురో అయితే 30కి దిగుతుంది. ఒకే రోడ్డును నాలుగు చోట్ల నుంచి నాలుగుసార్లు గీయాలి మరి. అక్క కొడుకు దీన్ని ఎవరూ చెప్పకుండానే పట్టేశాడు: "మామా, ఇద్దరాడితే నున్నగా పోతాంది, నలుగురైతే గతుకుల రోడ్డు మాదిరి ఉండాది."

ఫ్రిస్కోలో హెడ్‌సెట్ పెట్టుకుని ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడే కూతురు ఇక్కడ బావ మోచేతి పోటు తింటూ ఆడింది. బావ చేతికి ఏ ఆయుధం దొరికిందో అతని ముక్కలోకి తొంగిచూసి ముందే పక్కకు తప్పుకునేది. "నా టీవీ చూడొద్దు" అని బావ గోల. టీవీ ఎవరిదైతేనేం, ఆ ముక్క తనదట.

అవ్వను కూడా కూర్చోబెట్టారు. ఈ ఆటలో యాక్సిలరేటర్ దానంతటదే నొక్కుకునే వీలు, కారు రోడ్డు దాటిపోకుండా స్టీరింగ్ సర్దుకునే వీలు ఉన్నాయి. రెండూ పెట్టేస్తే కంట్రోలర్ ఊరికే పట్టుకున్నా బండి పోతూనే ఉంటుంది. అవ్వ అలాగే పోయి మనవణ్ణి దాటేసింది. ఇది తొండి అని వాడు, కాదని మిగతా ముగ్గురు.

అనంతపురం జిల్లావాళ్లకు ఇందులో ఇంకో ముచ్చట ఉంది. ఎక్స్‌బాక్స్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల తండ్రి యుగంధర్‌ది ఈ జిల్లాలోని బుక్కాపురమే. ఆ అభిమానంతో ఎక్స్‌బాక్స్ తెద్దామంటే, 2017 నాటి కార్ల ఆట ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 7లో ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే వీలుండేది, 2023లో వచ్చిన కొత్త ఫోర్జాలో దాన్ని ఎత్తేశారు. తెర పంచితే యంత్రం మీద బరువు పెరుగుతుందనే మాట నిజమే. ఒక్కొక్కరు ఒక్కో కన్సోల్ కొని, ఆన్‌లైన్ ఆటకు విడిగా చందా కడితే కంపెనీకి లాభమన్నదీ అంతే నిజం. ఈ రెండో కారణమే పెద్దదని అతని అనుమానం.

బెంగళూరులో ఉద్యోగం చేసే పెదనాయన కొడుకు శనివారం ఇంకో స్విచ్‌తో దిగాడు. దాంట్లోనూ ఇదే ఆట, కాకపోతే పాత వెర్షన్. వెర్షన్లు కలవకపోతే రెండు కన్సోళ్లు ఒకదానితో ఒకటి ఆడవు. అతను ఆ ఆట ఆప్షన్లలోకి పోయి, పక్కనున్న కన్సోల్‌తో వెర్షన్ సరిచేసుకునే మీట నొక్కాడు. నెట్ లేకుండానే ఒకదాని అప్‌డేట్ రెండోదానికి గాల్లోనే చేరింది. రూటర్ అక్కర్లేకుండా కన్సోళ్లు నేరుగా కలుస్తాయి. తలా ఒక కన్సోల్ ఉంటే ఎనిమిది మంది దాకా ఇలా ఆడొచ్చు. సాయంత్రం కరెంటు పోయింది. టీవీ ఆరిపోయింది కానీ స్విచ్‌కు సొంత బ్యాటరీ ఉంది. డాక్ నుంచి పీకి చిన్న తెరమీద మిగిలిన రెండు చుట్లూ ముగించారు.

బెంగళూరు స్విచ్‌ను దసరా దాకా ఇక్కడే ఉంచుతానన్నాడు దాని యజమాని. దాని కార్ట్రిడ్జ్‌లో ఉన్నవి 48 ట్రాకులు. 2022, 2023లలో విడతలుగా వచ్చిన మరో 48 డబ్బు కట్టి కొన్నవి, ఫ్రిస్కో ఖాతావి. ఆ ఖాతా కన్సోల్ పక్కనున్నంత కాలం వాటిలో అందరూ ఆడొచ్చు, అది వెళ్లిపోతే ఆ ట్రాకులూ పోతాయి. ఈ సంగతి విన్న అక్క కొడుకు నోటుపుస్తకం తీసి రెండు జాబితాలు రాశాడు. "పొయ్యేటివి ముందు ఆడేద్దాం మామా, ఉండేటివి యాడికి పోతాయి" అంటూ కంట్రోలర్ అవ్వ చేతిలో పెట్టి, ఆటోమేటిక్ యాక్సిలరేటర్ మాత్రం తీసేశాడు.