నిజాం మాకేమవుతాడు?

"నిజాం మీవాడే కదరా!" అన్నారట మా చిన్నోడితో తరగతి పిల్లలు. తొమ్మిదేళ్ళవాడు. అది తిట్టో పొగడ్తో తెలీక వాళ్ళ దాదీని అడిగాడు. అమ్మీ వెంటనే జవాబు చెప్పలేదు. "ఇత్వార్‌నాడు పోయి చూసొద్దాం పా, ఎవ్వలవాడో" అంది. పాతబస్తీ మ్యూజియాలకు శుక్రవారం సెలవు. మాకూ ఆదివారమే కుదిరింది.

ముందు సాలార్‌జంగ్. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన సొత్తు ఇది. 1951లో దివాన్ దేవ్డీలో తెరిచి, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అమ్మీకి అక్షరాలు రావు. చదివి చెప్పడం నా వంతు. గడియారం దగ్గర ఎప్పటి జనమే. గడ్డం బొమ్మ వచ్చి గంటలు కొట్టింది, చిన్నోడు చప్పట్లు కొట్టాడు, అయిపోయింది.

ముసుగు రెబెక్కా దగ్గర మాత్రం ఆగాం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. బైబిల్లో ఇస్సాకు భార్య. ఆ ఇస్సాకే మాకు ఇస్‌హాఖ్ నబీ. "దాదీ, ఈమె మనోళ్ళా? ముసుగేసుకుంది" అన్నాడు చిన్నోడు. రాతిలో అంత పల్చని ముసుగు ఎట్లా తీశాడా అని జనం మురిసిపోతున్నారు. పక్కనే నల్ల బుర్ఖాలో నిలబడ్డ అమ్మీని చూసి ఒకామె తన పిల్లని ఇటు లాక్కుంది. రాతి ముసుగు కళ అయినప్పుడు మనిషి ముసుగు అనుమానం ఎందుకైంది? అమ్మీ అదేం పట్టించుకోలేదు. అలవాటే!

ఆమె కాళ్ళు నిజంగా ఆగింది బిద్రీ సామాను ముందు. హుక్కాలు, పాన్‌దాన్లు, ఉగాల్‌దాన్లు. తుత్తునాగం, రాగి కలిపి పోతపోసి, ఉలితో గీసి, ఆ గీతల్లో వెండి అద్ది, చివరికి బీదర్ కోట మట్టితో నలుపెక్కిస్తారు. నేను చదువుతుంటే అమ్మీ మధ్యలో ఆపింది. "చేసినోని పేరేది?" వెతికాను. కనబడలేదు.

అమ్మీ అడగడానికి కారణముంది. ఆమె అబ్బా, మా నానా, వరంగల్ జిల్లా పల్లెల్లో తిరిగే కళాయివాలా. ఒక తిత్తి, ఇంత బొగ్గు, తగరం ముక్క. అంతే ఆయన రాజ్యం.

అక్కణ్ణించి పురానీ హవేలీ. ఏడో నిజాం రజతోత్సవానికి 1937లో వచ్చిన కానుకలు, వెండి పెట్టెలు త్వరత్వరగా చూసేశాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాకి మాత్రం చిన్నోడు నోరు తెరిచాడు. బీరువా కాదది, రెండంతస్తుల ఇల్లు! "ఇత్తే కప్డే కోన్ ధోతే థే కీ" అంది అమ్మీ. ఉతికేటోళ్ళెవరో పాపం అని. చిన్నోడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ బీరువాని మా నెత్తిన పెట్టి తిట్టేవాళ్ళు కొందరు. మాలోనే కొందరు దాన్ని నెత్తికెత్తుకుని ఊరేగుతారు. మా నానాకి ఇద్దరి దగ్గరా చోటు లేదు. 1948 సెప్టెంబర్లో సైన్యం వచ్చింది. రజాకార్ల అఘాయిత్యాలకి బదులు తీర్చింది ఎవరు? వాళ్ళతో ఏ సంబంధం లేని ఎందరో మామూలు ముసల్మాన్లు, ప్రాణాలతో. సుందర్‌లాల్ కమిటీ ఊళ్ళు తిరిగి రాసిన నివేదికను దశాబ్దాల తరబడి బయటపెట్టలేదు. నిజాం మాత్రం 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా ఉన్నాడు. మా నానా తిత్తి చంకన పెట్టుకుని రాత్రికి రాత్రి ఊరు దాటాడు. దాటించింది ఎవరనుకున్నారు? ఆయన కళాయి పోసిన ఇంటి కాపాయనే, ఎడ్లబండిలో గడ్డి కింద దాచి.

హవేలీ మెట్ల మీద కూచుని ఇదంతా అమ్మీయే చెప్పింది, టిఫిన్ డబ్బాలో రొట్టెలు తీస్తూ. నేను సగమే విని ఉన్నాను ఇన్నాళ్ళూ. ఊళ్ళ కథలు రాసి జీతం తీసుకునేవాణ్ణి, మా ఊరి కథ ఎన్నడూ అచ్చులో పెట్టలేదు. పెట్టడానికి జాగా ఇదీ అని ఎవరూ చూపించలేదు కూడా.

బస్సులో చిన్నోడికి నిజాం గుర్తు లేడు. "కళాయి ఎట్ల పోస్తరు దాదీ?"

"బర్తన్ ఎర్రగ కాల్చాలె. నవసాగరం చల్లి, తగరం రుద్ది, దూదితోని ఒక్క తుడుపు. అద్దమే!"

"పొగ రాదా?"

"రాక? గొంతులకు పోతది. మా అబ్బా దగ్గు విని ఊరోళ్ళు బర్తన్లు బయట పెడుతుండె."