జుమేరాత్ రాత్రి మ్యాచ్

నెట్‌లో ఆడే ఆటలంటే పిల్లల టైంపాస్ అని మా అమ్మీ ఖయాల్. మొహల్లాలో బుజుర్గులందరిదీ అదే మాట. మా ఇంటి సంగతి వేరు. నా తమ్ముడు జెద్దాలో ఏసీ మెకానిక్. వీడియో కాల్‌లో సలాం, ఖైరియత్, పైసలు అందాయా, అంతే. అదే హెడ్‌సెట్ పెట్టుకుని ఫుట్‌బాల్ ఆటలోకి దిగితే నోరు విప్పుతాడు. మోకాలి దర్ద్, కఫీల్‌తో తక్రార్, రూంలో మాడిన అన్నం, అన్నీ గోలుకీ గోలుకీ మధ్య చెప్పినవే. వాళ్లకు శుక్రవారం ఛుట్టీ కాబట్టి మా మ్యాచ్ జుమేరాత్ రాత్రి. నాచారంలో పదకొండున్నర, అక్కడ తొమ్మిది.

ఈ గంట కోసం ఎన్ని చోట్ల కట్టాలో చూడండి. కన్సోల్‌కు ఒకసారి, ఆటకు ఒకసారి, నెట్‌కు నెలనెలా. ఇవి కాక ఇంకొకరితో నెట్‌లో ఆడాలంటే కన్సోల్ కంపెనీకి వేరే చందా. ఈ రివాజ్ 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్‌తో వచ్చింది. ప్లేస్టేషన్ 3 వరకు సోనీ ముఫ్త్‌గా ఆడనిచ్చి, 2013లో ప్లేస్టేషన్ 4తో అదే దారి పట్టింది. మా ఇంట్లో ఉన్నది ఎవరిదో రాయను. ఫోర్ట్‌నైట్ లాంటి ముఫ్త్ ఆటలకు చందా అక్కర్లేదు గానీ మావాడికి ఫుట్‌బాలే కావాలి.

2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ ఖాయిదా ఒకటి వచ్చింది. మన మంజూరీ ముందే నమోదు కాకపోతే కార్డులోంచి నెలనెలా పైసలు వాటంతటవే పోవు. మంచి ఖాయిదానే. కాకపోతే మా చందా సరిగ్గా మ్యాచ్ రాత్రే అయిపోతుంది! అందుకే ఇప్పుడు ఏడాదిది ఒకేసారి కట్టేస్తున్నా. మా బేగం దాన్ని ఫుజూల్ ఖర్చు అంటుంది. మరిది గొంతు వినబడితే మాత్రం ముందు తనే వచ్చి కూర్చుంటుంది.

చందా కట్టినా నెట్ బాధ తప్పదు. పేరుకు వంద ఎంబీపీఎస్. సినిమా ఆగకుండా నడుస్తుంది, ఆట ఆగుతుంది. ఆటకు అంత స్పీడు అక్కర్లేదు. బటన్ నొక్కిన ఖబర్ అవతలికి పోయి తిరిగి రావడానికి పట్టే సమయం, అదే పింగ్, ఆటకు జాన్. ఇంకో ముసీబత్ ఏమిటంటే, ఐపీ చిరునామాలు చాలక కొన్ని కంపెనీలు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఇస్తాయి. బస్తీ మొత్తానికి ఒకటే డోర్ నంబరుంటే డాకియా ఏ తలుపు కొట్టాలి? తమ్ముడి ఆటగాళ్లు కనబడతారు, వాడి ఆవాజ్ రాదు. కేబుల్ పిల్లాడికి ఫోన్ చేస్తే ప్రతిసారీ ఒకటే జవాబు: "భాయ్, రూటర్ బంద్ చేసి చాలూ చేయండి." చివరికి నెలకు కొంత ఎక్కువిచ్చి మాకు విడిగా ఒక పబ్లిక్ ఐపీ తీసుకున్నాక ఆవాజ్ వచ్చింది.

2025 ఆగస్టులో అదీ పోయింది. ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో స్తంభాలకు వేలాడే కేబుళ్లు కోసుకుంటూ పోయారు. మా గల్లీలోదీ తెగింది. ఆ జుమేరాత్ మ్యాచ్ లేదు. చందా రోజులు మాత్రం కరుగుతూనే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించాలి? ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం దాకా స్తంభాల మీద ఆ నల్ల తీగల గుట్టలు మనం రోజూ చూస్తున్నవే కదా.

తమ్ముడు వాట్సాప్‌లో అడిగాడు, "ఏమైంది భాయ్‌జాన్?" చెప్పాను.

"మనోళ్లెవరన్నా ఉన్నారా?"

"రామంతాపూర్ వాళ్లు మనోళ్లు కాదారా?"

చాలాసేపు జవాబు రాలేదు.

వారం తర్వాత పిల్లాడు వచ్చి అదే స్తంభానికి కొత్త తీగ కట్టిపోయాడు. గేటు దగ్గర అది నా తలకు తగిలేంత కిందికి వేలాడుతోంది. అడిగితే, "రేపు నిచ్చెన తెస్తా భాయ్" అన్నాడు. ఇంకా తేలేదు. ఆ జుమేరాత్ హెడ్‌సెట్ పెట్టుకోగానే తమ్ముడు ఏ టీం తీసుకుంటావని అడగలేదు. వాడు చేసేది రోజూ కరెంటు పనే. తీగ ఎంత ఎత్తున కట్టారని అడిగాడు.